ఆర్పీ సర్వర్‌లో పదిమందితో కలిసి ఆడటం ఎలా

రాత్రి భోజనాలయ్యాక హెడ్‌సెట్ తగిలించుకుని కానిస్టేబుల్‌గానో, లారీ డ్రైవర్‌గానో, చిల్లర దొంగగానో మారిపోయే కుర్రాళ్ళు భీమవరం హాస్టళ్ళలోనూ ఉన్నారు, అమలాపురం ఇళ్ళలోనూ ఉన్నారు. దీన్ని రోల్‌ప్లే అంటారు, వాడుకలో ఆర్పీ. జీటీఏ 5 మీద ఫైవ్‌ఎం (విడి సర్వర్లలో కలిసి ఆడనిచ్చే అదనపు ప్రోగ్రామ్) వేసుకుని ఆడేవాళ్ళున్నారు, మైన్‌క్రాఫ్ట్‌లో, రోబ్లాక్స్‌లో ఆడేవాళ్ళున్నారు. మాటామంతీ చాలావరకు డిస్కార్డ్‌లో. ఇందులోకి కొత్తగా దిగబోతున్నవాళ్ళ కోసం, దిగి పేచీలు పెట్టుకుంటున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మామూలు గేమ్‌లో అవతలివాణ్ణి పడగొడితే మీరు గెలిచినట్టు. ఆర్పీలో అలా కుదరదు. అవతలివాడు ఆడటం మానేస్తే మీ కథ కూడా అక్కడితో ఆగిపోతుంది. అందుకని మీరు ఏం చేసినా, ఏం మాట్లాడినా అవతలి మనిషి జవాబు చెప్పడానికి కాస్త సందు వదలండి. సర్వర్ నియమాల్లో సగం ఇదే మాటకి వేరు వేరు పేర్లు.

చేరే ముందు

నియమాల పేజీ మొత్తం చదవండి. ‘చదివాను’ అని టిక్ పెట్టి వెళ్ళిపోకండి. వైట్‌లిస్ట్ ఉన్న, అంటే ముందుగా ఒప్పుకున్నవాళ్ళనే రానిచ్చే సర్వర్లలో దరఖాస్తు రాయాలి, చిన్న ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. మీ పాత్ర ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చింది, దేనికి భయపడుతుంది అని అడుగుతారు. ‘దేనికీ భయపడదు’ అని రాస్తే చాలాచోట్ల వెనక్కి పంపుతారు, పంపాలి కూడా.

వయసు దగ్గర మొహమాటం వద్దు. జీటీఏ 5కి యూరప్ రేటింగ్ 18 ఏళ్ళు. డిస్కార్డ్ ఖాతాకి కనీసం 13 ఉండాలి. పదో తరగతి తమ్ముణ్ణి తీసుకొచ్చి ‘మావాడే, పర్లేదు’ అని పెద్దవాళ్ళ సర్వర్లో కూర్చోబెట్టకండి. ‘అందరినీ కలుపుకోవాలి’ అనే మాట ఇక్కడ వర్తించదు. పిల్లలకి మైన్‌క్రాఫ్ట్‌లో మంచి సర్వర్లున్నాయి. సీను మధ్యలో అవతల ఉన్నది చిన్నపిల్లాడని అర్థమైతే ఆ సీను అక్కడే ఆపి సర్వర్ నడిపే అడ్మిన్‌కి చెప్పండి. అది ప్రేమ సీనైతే క్షణం కూడా ఆలోచించవద్దు.

పాత్ర తయారుచేసుకోవడం

కొత్తవాళ్ళు నూటికి తొంభై మంది డాన్ అవుతామంటారు. ఊరంతా డాన్లయితే కప్పం కట్టేదెవరు? పదిమందికి పని పెట్టే పాత్ర తీసుకోండి, మిమ్మల్ని అందరూ వెతుక్కుంటూ వస్తారు. మన గోదావరి వైపు నుంచే ఒకటి చెప్తాను. మ్యాప్ జీటీఏ 5లోని లాస్ శాంటోసే అయినా, అందులోని అలామో సీ అనే సరస్సు ఒడ్డున రొయ్యల చెరువు ఉందనుకుని మీరు దానికి రాత్రి కాపలా మనిషి అవ్వండి. కరెంటు పోతే ఏరేటర్లు ఆగిపోతాయి, జనరేటర్ వేయాలి, డీజిల్ అయిపోతే ఎవరో ఒకరి బండి అడగాలి. అర్ధరాత్రి గట్టు మీంచి ఎవరి బండి వెళ్ళిందో మీకు తెలుసు. పోలీసులకి మీతో పని, దొంగలకి మీతో పని. మీ చేతిలో తుపాకీ లేకపోయినా సీను మీ చుట్టూ తిరుగుతుంది. నది దాటించే పంటు నడిపే సరంగు, లారీ క్లీనరు, ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చి అమ్మే ఆవిడ, ఇలాంటివన్నీ పనికొస్తాయి.

ఒక జాగ్రత్త. కొబ్బరి దింపు కార్మికుణ్ణి తాగుబోతుగా, పాకీ పనివాణ్ణి నవ్వులాటగా, హిజ్రాని డబ్బులు గుంజే మనిషిగా వేయడం మన కామెడీకి పాత అలవాటు. ఆ పని చేసే ఇంటి నుంచి వచ్చిన కుర్రాడు అదే వాయిస్ ఛానల్లో మౌనంగా కూర్చుని ఉండొచ్చు. వేయకూడదని కాదు. ఆ పాత్రకి ఒక కోరిక, ఒక కోపం, ఒక తెలివి ఇచ్చి వేయండి. వాడి మీద జనం నవ్వడం కాకుండా, వాడే జోకు వేసి జనాన్ని నవ్వించేలా ఉండాలి.

యాసకీ ఇదే వర్తిస్తుంది. మన ‘ఆయ్, అండీ’లని పక్క జిల్లాలవాళ్ళు ఎక్కిరిస్తే మనకి ఎంత మండుతుందో, శ్రీకాకుళం యాసనో, తెలంగాణ మాటనో మనం పేరడీ చేస్తే వాళ్ళకీ అంతే. మీకు రాని యాసలో పాత్ర వేయాలనుంటే ఆ ఊరి ఆటగాడి దగ్గర కూర్చుని నేర్చుకోండి. వచ్చీరాని యాస కంటే మామూలు తెలుగే నయం.

సీనులో చేతులు, మాటలు

చాట్‌లో టైపు చేసే రెండు కమాండ్లు వంటబట్టాలి. స్లాష్ మీ (/me) అంటే మీ పాత్ర చేస్తున్న పని. స్లాష్ డూ (/do) అంటే చుట్టూ ఉన్న పరిస్థితి, లేదా దాని గురించిన ప్రశ్న. కొత్తవాడు ఇలా టైపు చేస్తాడు:

స్లాష్ మీ: అతని చేతిలో కత్తి లాక్కుని, కిందపడేసి, చేతులు కట్టేశాడు.

అయిపోయింది. అవతలివాడు చేయడానికి ఏమీ మిగల్లేదు. దీన్నే పవర్‌గేమింగ్ అంటారు. ఇదే పనిని ఇలా రాయండి:

స్లాష్ మీ: కత్తి పట్టుకున్న చేతిని దొరకబుచ్చుకోబోయాడు.
స్లాష్ డూ: పట్టు దొరికిందా?

ఇప్పుడు బంతి అవతలివాడి కోర్టులో ఉంది. ‘దొరికింది, కానీ చేతికి కత్తి గీసుకుంది’ అని వాడు రాస్తే మీరు ఆసుపత్రికి వెళ్ళాలి, అక్కడ డాక్టర్ పాత్ర వేస్తున్న అమ్మాయికి పని దొరుకుతుంది. మీరు ఒక్క వాక్యం తగ్గించి రాసినందుకు మూడో మనిషికి కూడా సీను వచ్చింది. స్లాష్ డూ ప్రశ్న మిమ్మల్ని ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పకూడదు. ‘జేబులో ఏమైనా కనిపిస్తోందా’ అంటే, ఉంటే ఉందనే చెప్పాలి.

తుపాకీ గుండె మీద పెట్టినప్పుడు మీ పాత్ర భయపడాలి. కారణం లేకుండా కాల్చేయడం, బండితో గుద్ది చంపడం దాదాపు ప్రతి సర్వర్లోనూ నిషేధం. చచ్చి మళ్ళీ లేస్తే అంతకుముందు జరిగింది పాత్రకి గుర్తుండదు, అందుకే పగ తీర్చుకోవడానికి వెంటనే అదే చోటికి వెళ్ళకూడదు. ఇవన్నీ ప్రతి నియమావళిలోనూ ఉంటాయి కాబట్టి ఇక్కడ సాగదీయను.

మెటాగేమింగ్, అంటే ఆట బయట తెలిసినదాన్ని పాత్ర చేత వాడించడం మాత్రం మన హాస్టళ్ళలో పెద్ద జబ్బు. మీకు తెలిసింది పాత్రకి తెలియకుండా ఆడటమే పద్ధతి. కానీ ఒకే గదిలో నలుగురు ఆడుతుంటారు, ఇద్దరు దొంగలు, ఇద్దరు పోలీసులు. దొంగ మైక్‌లో గుసగుసలాడినా పక్క మంచం మీద పోలీసుకి వినిపిస్తుంది. ‘నేను వినలేదురా’ అనే ప్రమాణాలు నిలబడవు. ఒక గదిలో ఉన్నవాళ్ళు ఒకే వైపు పాత్రలు తీసుకోండి, లేదా పెద్ద దోపిడీ ఉన్న రాత్రి ఒకరు వేరే గదికి వెళ్ళండి. స్ట్రీమ్ చూసి దొంగ ఎక్కడున్నాడో కనిపెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది.

వేషం లోపల, వేషం బయట

సంబరాల్లో పద్యనాటకం చూసినవాళ్ళకి తెలుసు. స్టేజీ మీద దుర్యోధనుడు కృష్ణుణ్ణి కట్టేయమంటాడు, తెర వెనక ఇద్దరూ ఒకే గ్లాసులో టీ పంచుకుంటారు. పాత్ర ఎంత దుర్మార్గుడైనా కావచ్చు, ఆడే మనిషి మర్యాదగా ఉండాలి. పాత్ర తరఫున మాట్లాడటాన్ని ఐసీ అని, సొంతంగా మాట్లాడటాన్ని ఓఓసీ అని అంటారు. గట్టి గొడవ సీను అయ్యాక ఓఓసీలో ‘అన్నా, భలే చేశారు, ఆ తిట్లన్నీ పాత్రవేనండీ’ అని ఒక్క ముక్క రాయండి. ముఖ్యంగా కొత్తవాళ్ళకి. పరిచయం లేనివాళ్ళని ఓఓసీలో మీరు అనే పిలవండి. ఐసీలో ఎస్‌ఐ ‘ఒరేయ్’ అన్నాడని ఓఓసీలో కూడా ఒరేయ్ అనే హక్కు రాదు.

కొత్త మనిషిని కలుపుకోవడం

పాతవాళ్ళ బ్యాచ్ ఒకటి బస్టాండ్ దగ్గర నిలబడి పోయిన నెల కొట్లాట గురించి నవ్వుకుంటూ ఉంటుంది. కొత్తవాడు పక్కనే నిలబడి కాసేపు విని, లాగౌట్ అయిపోతాడు. ఎవరూ ఏమీ అనలేదు, అయినా వాడు మళ్ళీ రాడు. అలాంటప్పుడు ‘వెల్‌కమ్ బ్రో’ సరిపోదు, వాడికి జవాబు చెప్పక తప్పని ప్రశ్న వేయండి.

‘ఏవండీ, పంటు ఎప్పుడు బయల్దేరుద్దో తెలుసాండీ? అవతల మా అత్తగారింట్లో పెళ్ళి, చేతిలో బిందె, జేబులో పైసా లేదు.’

వాడికి ఇప్పుడు నాలుగు దారులు: డబ్బు ఇవ్వొచ్చు, అబద్ధం చెప్పొచ్చు, బిందె కొట్టేయొచ్చు, తనే ఎక్కించుకెళ్ళొచ్చు. ఏది చేసినా అది సీనే. తప్పు చేస్తే సీను ఆపి పదిమంది ముందు ‘ఇది ఫెయిల్ ఆర్పీ’ (పాత్రకి తగనట్టు ఆడావు) అని అరవకండి. సీను పూర్తయ్యాక విడిగా మెసేజ్ పెట్టండి.

డబ్బు సంపాదన కోసం రోజంతా చేపలు పట్టేవాణ్ణి ‘గ్రైండర్’ అని వెక్కిరించడం కూడా మానుకోండి. 1978లో ఇంగ్లాండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టిన మడ్ అనే అక్షరాల ఆటని రిచర్డ్ బార్టిల్ కొనసాగించాడు. పదిమంది ఒకేసారి చేరి ఆడే ప్రపంచాలకి అది తాత లాంటిది. ఆ బార్టిలే 1996లో ఆటగాళ్ళు నాలుగు రకాలని రాశాడు: సాధించేవాళ్ళు, తిరిగి చూసేవాళ్ళు, మనుషుల కోసం వచ్చేవాళ్ళు, ఇతరుల మీద పడేవాళ్ళు. ఆ చేపలవాడు మొదటి రకం. వాడి దగ్గర చేపలు కొనే హోటల్ ఒకటి తెరవండి, పది రోజుల్లో వాడే బేరాలాడుతూ కబుర్లు చెప్తాడు. నాలుగో రకంవాడికి మాత్రం వేరే సర్వర్ చూపించడమే మేలు.

ఆడపిల్లలు మైక్ ఆన్ చేసినప్పుడు

ఛానల్ ఒక్కసారి నిశ్శబ్దమై, తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఉచితంగా కార్లు ఇస్తారు, ఇన్‌స్టా అడుగుతారు, ‘నిజంగా అమ్మాయేనా, ఫొటో పెట్టు’ అంటారు. ఆ అమ్మాయి వచ్చింది మెకానిక్ పాత్ర వేయడానికి. బండి బాగు చేయించుకోండి, డబ్బులివ్వండి, వెళ్ళండి. ఆమె గొంతు గురించి ఒక్క మాట కూడా అక్కర్లేదు. ఐసీలో ప్రేమ కథ నడపాలంటే ముందు ఓఓసీలో అడగాలి, ‘వద్దు’ అంటే ఎందుకని అడగకూడదు. జవాబు రాకపోతే అది కూడా వద్దనే. అక్కా, చెల్లీ అని పిలుస్తూనే అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టేవాళ్ళ గురించి అమ్మాయిలకి బాగా తెలుసు. అడ్మిన్లకి తెలియనట్టుంటుంది, అదే విచిత్రం.

అబ్బాయి ఆడ పాత్ర వేసినా, అమ్మాయి మగ పాత్ర వేసినా కూపీ లాగక్కర్లేదు. పాత్రని ఎలా పిలవాలో అది వేస్తున్నవాళ్ళు చెప్తారు.

‘మనోడేనా?’

మన జిల్లాల్లో కొత్త మనిషిని ముందు ఏ ఊరండీ అంటారు, తర్వాత ఇంటిపేరేంటండీ అంటారు. ఆ రెండో ప్రశ్న ఎందుకో అడిగినవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఈ అలవాటు డిస్కార్డ్‌లోకి కూడా చెప్పులు విప్పకుండా వచ్చేసింది. వాయిస్‌లో సరదాగా ‘బ్రో, ఫుల్ నేమ్ ఏంటి’ అంటారు, పక్క ఛానల్లో ‘మనోడేనా?’ అని మెసేజ్ వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఎవరికి మంచి ఉద్యోగం వచ్చింది, ఎవరి మీద బ్యాన్ పడింది అన్నీ అందరూ ఆ కళ్ళతోనే చూస్తారు.

కాబట్టి ఓఓసీలో ఎవరి అసలు ఇంటిపేరూ అడగకండి. మిమ్మల్ని అడిగితే పాత్ర ఇంటిపేరు చెప్పి నవ్వేయండి. పాత్ర పేరు చివర కులం తోక పెట్టుకోకపోతే నయం. గ్యాంగ్‌కి సినిమా హీరో పేరు పెట్టకండి. మన దగ్గర హీరో అభిమానం ఎక్కడ ఆగి కులం ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం, బర్త్‌డే కటౌట్ల గొడవలు చూసినవాళ్ళకి నేను వేరే చెప్పాలా. ఇక కులం పేరుతో తిట్టు ‘పాత్ర తిట్టింది’ అనే సాకుతో కూడా చెల్లదు. దొంగ పాత్రకి తిట్టడానికి వంద మాటలున్నాయి. గోదావరివాళ్ళకి వెటకారం అప్పివ్వాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

‘ఊళ్ళో కులం ఉంది కదా, కథలో చూపిస్తే తప్పేంటి’ అని కొందరు వాదిస్తారు. చూపించవచ్చు. కాకపోతే ఆ కథలో దెబ్బ తినే పాత్ర వేస్తున్న మనిషి ముందే ఒప్పుకుని ఉండాలి, ఆ కథ ఎటు వెళ్ళాలో చెప్పే మొదటి హక్కు ఆ మనిషికే ఉండాలి. ఆ ఓపిక లేని సర్వర్ ఈ విషయం జోలికి పోకపోవడమే మంచిది.

గొంతు లేనివాళ్ళు, వినిపించనివాళ్ళు

మైక్ తప్పనిసరి అని పెడితే నత్తి ఉన్నవాళ్ళు, చెవులు వినిపించనివాళ్ళు, చంటిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో ఆడుకునేవాళ్ళు బయటే ఉండిపోతారు. టైపు చేసి ఆడేవాళ్ళని రానివ్వండి. అలాంటివాళ్ళు సీనులో ఉంటే ముఖ్యమైన పనులు మీరు కూడా స్లాష్ మీలో రాయండి. వాళ్ళు టైపు చేస్తున్నప్పుడు ఆగండి. నత్తి ఉన్నవాళ్ళ వాక్యాన్ని మీరు పూర్తి చేయకండి. తెలుగు లిపి చదవలేని తెలుగు పిల్లలు అమెరికాలో పుట్టినవాళ్ళలో ఎక్కువ, ఇంగ్లీషు అక్షరాల తెలుగు చూస్తే చిరాకుపడేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. నియమాలు రెండు లిపుల్లోనూ పెడితే గొడవే లేదు.

బరువైన సీన్లకి ముందు అడగండి

చిత్రహింస, ఆత్మహత్య, పిల్లలకి ప్రమాదం లాంటివి ఉంటే ముందే ఓఓసీలో ‘ఇలా ఒకటి అనుకుంటున్నాం, ఎవరికైనా ఇబ్బందా’ అని అడగాలి. లైంగిక హింసని మాత్రం అడిగే జాబితాలో కూడా ఉంచకండి, తీసేయండి. టేబుల్ మీద ఆడే ఆర్పీ ఆటల్లో ఎక్స్ కార్డ్ అని ఒక పద్ధతి ఉంది. ఎవరైనా ఆ కార్డు ముట్టుకుంటే ఆ ముక్క వదిలేసి ముందుకెళ్తారు, కారణం అడగరు. మన సర్వర్లో చాట్‌లో ఒక ఎక్స్ అక్షరం చాలు.

మన వైపు మరో సంగతి ఉంది. తుపానులు, పడవ ప్రమాదాలు భలే డ్రామాగా అనిపిస్తాయి. కానీ 1996 నవంబరు 6 తుపానులో కోనసీమలో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళున్నాయి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకి వెళ్తున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగింది, ఆ కుటుంబాలవాళ్ళకి అది ఇంకా నిన్నటి మాటే. పడవ మునిగే ఈవెంట్ పెట్టేటప్పుడు రెండు రోజుల ముందే ప్రకటించండి. రానివాళ్ళ పాత్రలకి ఆ రోజు ఊళ్ళో వేరే పని కల్పించండి.

టైమింగ్, కరెంటు

కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళు చాలామంది. మనకి రాత్రి 9 గంటలైతే దుబాయ్‌లో 7:30, కువైట్‌లో 6:30, ఎండాకాలంలో డల్లాస్‌లో పొద్దున్న 10:30. కువైట్‌లో వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. అన్ని పెద్ద ఈవెంట్లూ ఆదివారం రాత్రే పెడితే అక్కడివాళ్ళు పొద్దున్నే డ్యూటీ పెట్టుకుని కళ్ళు నులుముకుంటూ ఆడాలి. నెలకి ఒకటైనా శుక్రవారం పెట్టండి.

సీను మధ్యలో కావాలని గేమ్ ఆపి పారిపోవడాన్ని కాంబాట్ లాగింగ్ అంటారు, దానికి శిక్ష ఉంటుంది. కానీ ఈదురుగాలికి చెట్టు తీగల మీద పడితే మన దగ్గర కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు? 2022 మే నెలలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్టే ఆపేశారు. మాయమైనవాణ్ణి దొంగ అనే ముందు కాస్త గడువు ఇవ్వండి. వాడు ఫోన్ నుంచి ‘కరెంటు పోయింది’ అని పెట్టడానికి డిస్కార్డ్‌లో ఒక ఛానల్ ఉంచండి. సీను మధ్యలో పోయినవాణ్ణి దోచుకోకండి, తిరిగి వచ్చాక అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

గొడవ వస్తే, సర్వర్ మీదే అయితే

సీను పూర్తయ్యేదాకా ఆడండి, తర్వాత రికార్డింగ్ క్లిప్‌తో అడ్మిన్లకి టికెట్, అంటే ఫిర్యాదు, వేయండి. జనరల్ చాట్‌లో పంచాయితీ పెట్టకండి. అడ్మిన్ తన సొంత గ్యాంగ్ కేసు తను తీర్చకూడదు, వేరే అడ్మిన్‌కి ఇచ్చేయాలి. బ్యాన్ వేస్తే కారణం తెలుగులో రెండు లైన్లు రాయండి, అప్పీలు ఎక్కడ చేసుకోవాలో చెప్పండి. అడ్మిన్లంతా ఒకే ఊరి బ్యాచ్ అయితే ఎంత న్యాయంగా తీర్చినా ఎవరూ నమ్మరు.

డబ్బున్నవాడికే మంచి పాత్ర దక్కే సర్వర్‌లో మిగతావాళ్ళు ఎక్కువకాలం ఉండరు. పైగా జీటీఏ తయారుచేసే రాక్‌స్టార్ సంస్థ 2022 నవంబరులోనే ఆర్పీ సర్వర్లలో లూట్ బాక్సులు (లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి కొనే పెట్టెలు), ఆటలోని డబ్బు అమ్మకం, క్రిప్టో వ్యవహారాలు కూడదని చెప్పింది. ఫైవ్‌ఎం తయారుచేసిన బృందం 2023 ఆగస్టులో ఆ సంస్థలోనే కలిసింది కాబట్టి ఎవరూ చూడరులే అనుకోవద్దు.

మానేయాలనుకుంటే చెప్పి మానండి. మీ హోటల్ తాళాలు, గ్యాంగ్ పెత్తనం ఐసీలోనే ఎవరికో ఒకరికి అప్పగించే సీను ఒకటి ఆడండి. చెరువు కాపలా మనిషి కువైట్ వీసా వచ్చిందని చెప్పి వెళ్ళిపోతే మన వైపు ఎవరూ కారణం అడగరు. చేతిలో ఉన్న జనరేటర్ మాత్రం వేలం వేసేయండి, దాని కోసం ఒక రాత్రంతా కొట్టుకుంటారు.